సున్నా అంచున ఎనిమిదేళ్ల పోరు

యంత్రాలు లెక్క నేర్చిన కథ – 11వ భాగం

1960లలో సీడీసీ 6600 మీద ప్రోగ్రాములు రాసినవాళ్లలో ఒక వింత అలవాటు కనిపించేది. ఒక సంఖ్యతో భాగించే ముందు అది సున్నా కాదు కదా అని చూసుకోవడం ఎవరైనా చేసేదే. వీళ్లు ఆ పరీక్షకు కూడా ముందు ఆ సంఖ్యను 1తో గుణించేవారు. ఒకటితో గుణిస్తే కొత్తగా ఒరిగేదేమిటని ఎవరైనా ఆ లైను కొట్టేస్తే, ఎప్పుడో ఒకనాడు ప్రోగ్రాం సున్నాతో భాగించావంటూ మధ్యలోనే ఆగిపోయేది. పరీక్ష పెట్టాక కూడా!

సేమూర్ క్రే రూపొందించిన ఆ యంత్రం 1964లో బయటికి వచ్చాక కొన్నేళ్లపాటు వేగంలో దానికి పోటీ లేదు. ఆ వేగం కోసమే అందులో కూడికకు, గుణకారానికి, భాగహారానికి విడివిడి విభాగాలు పెట్టారు. చిక్కల్లా, సున్నా అంటే ఏమిటన్న విషయంలో ఈ విభాగాల మధ్య పొత్తు కుదరకపోవడమే. మరీ చిన్న సంఖ్యలు కొన్నింటిని కూడే విభాగం ‘సున్నా కాదు’ అనేది. గుణించే, భాగించే విభాగాలు ‘సున్నాయే’ అనేవి. ముందే ఒకటితో గుణిస్తే ఆ సంఖ్య భాగహారంలో నిలబడేదో కాదో తేలిపోయేది. అదీ ఆ లైను వెనకున్న మర్మం.

గత భాగంలో కొన్రాడ్ జూసే 1941లో బెర్లిన్‌లో నడిపి చూపించిన జడ్3 గురించి, అందులోని ఫ్లోటింగ్ పాయింట్ గురించి చెప్పుకున్నాం. 1946లో వాన్ న్యూమన్ బృందం అదే పద్ధతిని అక్కర్లేదని పక్కన పెట్టడమూ చూశాం. ఈ భాగంతో చదవడం మొదలుపెట్టినవారి కోసం ఒక్క మాట. సూర్యుడి దూరాన్ని రాయాల్సి వస్తే వరసగా సున్నాలు పేర్చకుండా 1.5 × 10⁸ కిలోమీటర్లు అంటాం. యంత్రం చేసేదీ అదే, కాకపోతే 10 ఘాతాలకు బదులు 2 ఘాతాలతో. గుర్తుకు ఒక బిట్, ఘాతానికి కొన్ని, అసలు అంకెలకు మిగిలినవి. మరి దేనికెన్ని? పట్టకుండా మిగిలిపోయిన అంకెలను ఎటు సవరించాలి? సంఖ్య పట్టనంత పెద్దదైతే ఏం చేయాలి, పట్టనంత చిన్నదైతే ఏం చేయాలి? 1970ల చివరిదాకా ఈ ప్రశ్నలకు ఏ కంపెనీ జవాబు దానిదే.

ఐబీఎం సంగతే చూడండి. 1964లో సిస్టం/360 తెచ్చినప్పుడు 2 ఘాతాలు వదిలి 16 ఘాతాలకు మారింది. దానివల్ల యంత్రం పని తేలికైన మాట నిజమే. కానీ 16 ఆధారంగా రాసినప్పుడు మొదటి అంకెలో మూడు బిట్ల దాకా వృథా కావచ్చు. పాత 7094లో 27 బిట్ల ఖచ్చితత్వంతో నడిచిన లెక్కలు కొత్త యంత్రంలో 24కి, ఒక్కోసారి 21కి దిగిపోయాయి. పైగా డబుల్ ప్రెసిషన్‌లో గార్డ్ డిజిట్ పెట్టలేదు. తీసివేతలో ఒక సంఖ్యను పక్కకు జరిపినప్పుడు రాలిపోబోయే అంకెను పట్టుకుని ఉంచే అదనపు గడి అది. వాడకందార్లు గొడవ చేశారు. చివరికి 1968లో ఐబీఎం ఆ అంకెను చేర్చింది. కొత్తగా తయారయ్యే యంత్రాలకే కాదు, అప్పటికే అమ్మేసినవాటికి కూడా వాటి చోటికే వెళ్లి అమర్చింది. ఒక్క అంకె కోసం ఒక కంపెనీ అంత ఖర్చు తలకెత్తుకున్న సందర్భం ఈ కథలో ఇంకొకటి కనబడదు.

సేమూర్ క్రే మాత్రం సొంత కంపెనీ పెట్టి 1976లో క్రే–1 తెచ్చినప్పుడు కూడా ఆ గడి జోలికి పోలేదు. ఫలితంగా 1 నుంచి దానికి సరిగ్గా కిందనున్న సంఖ్యను తీసేస్తే రావలసినదానికి రెట్టింపు వచ్చేది. స్వల్ప తేడా కాదు, నూటికి నూరు శాతం తప్పు. అనుభవమున్నవాళ్లు అలాంటి యంత్రాల కోసం 1లోంచి తీసేయడానికి బదులు, 0.5లోంచి తీసేసి మళ్లీ 0.5 కలిపేవారు. గణితంలో రెండూ ఒకటే. యంత్రం దగ్గర మాత్రం ఒకటి సరైన జవాబు, ఇంకోటి తప్పుడు జవాబు. ఒక యంత్రానికి మందుగా పనిచేసిన ఇలాంటి కిటుకు ఇంకో యంత్రంలో ఉత్త కాలయాపన. లెక్కల ప్రోగ్రామును ఒక కంపెనీ యంత్రం నుంచి ఇంకో కంపెనీ యంత్రానికి మార్చడమంటే అప్పట్లో సగం తిరగరాయడమే.

ఈ గందరగోళాన్ని జీవితమంతా ఒక వ్యక్తిగత అవమానంగా తీసుకున్న మనిషి విలియం కహాన్. 1933లో కెనడాలోని టొరంటోలో పుట్టారు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే చదివి, అక్కడే కంప్యూటర్లతో కుస్తీ పట్టి, 1960ల చివర్లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి చేరారు. హ్యూలెట్ ప్యాకార్డ్ కాలిక్యులేటర్లకు లెక్కలు సరిదిద్ది పెట్టారు. ఏ యంత్రం ముందు కూర్చోబెట్టినా అది ఎక్కడ తప్పుతుందో ఇట్టే పట్టేయగల మనిషని పేరు. కంపెనీల ఇంజినీర్లకు ఆయనంటే గౌరవం ఎంతో, బెదురూ అంతే.

1976లో ఇంటెల్‌లో జాన్ పామర్ అనే ఇంజినీరు, తమ కంపెనీ చిప్‌లన్నిటికీ ఒకే అంకగణితం ఉండాలని పట్టుబట్టి కహాన్‌ను సలహాదారుగా పిలిపించారు. డెక్ కంపెనీ లెక్క ఉన్నవాటిలో మెరుగ్గానే ఉంది కదా, దాన్నే తీసుకోవచ్చని కహాన్ మొదట సూచించారు. కుదరదు, సాధ్యమైనంత గొప్పది కావాలన్నారు పామర్. ఆయన లెక్క వేరు. పెద్ద యంత్రాలు వందల్లో, వేలల్లో అమ్ముడవుతాయి. చిప్‌లు లక్షల్లో పోతాయి. వాటిని వాడేవాళ్లలో ఎక్కువమందికి సంఖ్యా విశ్లేషణ తెలియదు. వాళ్ల అజ్ఞానం వాళ్లకు ముప్పు తేకుండా చూసే బాధ్యత చిప్పే మోయాలి. అలా మొదలైన రూపకల్పన 1980లో 8087 పేరుతో మార్కెట్లోకి వచ్చింది. మరుసటి ఏడాది వచ్చిన ఐబీఎం పీసీ బోర్డు మీద ఆ చిప్ కోసం ఒక ఖాళీ సాకెట్ ఉండేది. కావాలనుకున్నవాళ్లు కొని గుచ్చుకోవాలి.

ఈలోగా ఇంటెల్ ఏదో గట్టి పనిలో ఉందన్న గుసగుస సిలికాన్ వ్యాలీలో పాకింది. మిగతా చిప్ కంపెనీలకు కంగారు పుట్టింది. 1977లో రాబర్ట్ స్టీవర్ట్ అనే ఇంజినీరు చొరవతో ఐ ట్రిపుల్ ఈ సంస్థ నీడన ఒక కమిటీ కూర్చుంది. దాని సంఖ్య 754. కహాన్ పామర్ దగ్గరికి వెళ్లి ఆ కమిటీలో పాల్గొనడానికి అనుమతి అడిగారు. 8087 ఏ జవాబులిస్తుందో చెప్పవచ్చు, ఆ జవాబులు చిప్‌లో ఎలా పుట్టిస్తున్నారో చెప్పకూడదు. ఆ షరతు మీద ఒప్పందం కుదిరింది. తన శిష్యుడు జెరోమ్ కూనెన్, బర్క్‌లీకి అతిథిగా వచ్చిన హెరాల్డ్ స్టోన్‌లతో కలిసి ఆయన ఒక ముసాయిదా తయారుచేశారు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో దానికి కే–సీ–ఎస్ అని పేరు పడింది.

ఎదుటి పక్షం డెక్. 1977లోనే వ్యాక్స్ యంత్రాన్ని విడుదల చేసి మంచి ఊపు మీదున్న కంపెనీ అది. మేరీ పేన్, విలియం స్ట్రెకర్‌లు వ్యాక్స్ లెక్కనే ప్రమాణం చేయమంటూ తమ ముసాయిదా పెట్టారు. మొదట్లో తేడాలు చాలానే ఉన్నాయి. వ్యాక్స్ 64 బిట్ల సంఖ్యలో ఘాతానికి 8 బిట్లే ఉండేవి, అది చాలదన్నది కే–సీ–ఎస్ పక్షం మాట. డెక్ ఆ మాట విని 11 బిట్ల ఘాతంతో ఇంకో రూపం తెచ్చింది. అలా ఒక్కొక్కటీ తేలిపోతూ, తగాదా చివరికి ఒకే చోట బిగుసుకుంది. అన్నిటికంటే చిన్న సంఖ్యకూ సున్నాకూ మధ్య ఏముండాలి?

ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. 32 బిట్ల సంఖ్యలో మామూలు పద్ధతిలో రాయగల అతి చిన్నది సుమారు 1.18 × 10⁻³⁸. దాని కిందకు పోతే ఏం చేయాలి? డెక్ జవాబు సూటిగా ఉంది: సున్నా చేసేయండి. అంతవరకు వచ్చిన యంత్రాలన్నీ ఇంచుమించు చేసిందే అది. కానీ ఆ చిన్న సంఖ్య దగ్గర పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం ఎంతో, దానికీ సున్నాకూ మధ్య ఎడం ఎంతో పోల్చి చూస్తే రెండోది మొదటిదానికి 83,88,608 రెట్లు. దిగుడుబావిలో పైనుంచి మెట్లన్నీ జానెడు ఎత్తున సాగివచ్చి, ఆఖరి మెట్టు కింద ఒక్కసారిగా పాతాళం ఉన్నట్టు.

ఉంటే ఉండనీ, అంత చిన్న సంఖ్యలతో ఎవరికి పని అనవచ్చు. డెక్ అన్నదీ అదే. కహాన్ పక్షం చూపిన చిక్కు వేరు. ‘క’, ‘ఖ’ రెండూ వేర్వేరు సంఖ్యలని పరీక్షలో తేలింది. ఇక ధైర్యంగా క − ఖ తో భాగించవచ్చు కదా అనుకుంటాడు ప్రోగ్రామరు. రెండూ ఆ అంచు దగ్గర ఉన్నవైతే వాటి తేడా అగాధంలో పడి సున్నా అయి కూర్చుంటుంది. వేర్వేరు సంఖ్యలే, కానీ వాటి తేడా సున్నా! బడిలో నేర్చుకున్న బీజగణితం అక్కడ చెల్లదన్నమాట. దీనికి కే–సీ–ఎస్ చూపిన దారి, ఆ అగాధంలోనూ అదే జానెడు ఎత్తున మెట్లు కట్టుకుంటూ సున్నాదాకా దించడం. కిందికి పోయేకొద్దీ సంఖ్యలో అర్థవంతమైన అంకెలు తగ్గుతాయి, కానీ ఎడం మారదు. క, ఖ లు వేరైతే వాటి తేడా ఎన్నడూ సున్నా కాదని అప్పుడు రుజువు చేయవచ్చు. దీన్ని గ్రాడ్యువల్ అండర్‌ఫ్లో అన్నారు.

డెక్ వాదనలో స్వార్థం ఉంది. తమ వ్యాక్స్ లెక్కే ప్రమాణమైతే మార్కెట్ తమది. అయితే వాళ్లు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఆ చివరి మెట్ల మీద యంత్రం తడబడుతుంది, వాటికోసం హార్డ్‌వేర్‌లో పెట్టే అదనపు సరంజామా మామూలు లెక్కలను కూడా నెమ్మది చేస్తుందన్నది వాళ్ల భయం. ఈ నాటికీ కొన్ని ప్రాసెసర్లలో అలాంటి సంఖ్య తగిలితే ఒక గుణకారానికి వంద క్లాక్‌ల పైన పడుతుంది. సంగీతం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లను అడగండి, చెబుతారు: పాట ఆగిపోయి ప్రతిధ్వని సన్నగిల్లుతూ సున్నా వైపు జారుతున్నప్పుడు, అంటే వినడానికి ఏమీ లేనప్పుడు, ప్రాసెసర్ మీద భారం ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకని వాళ్లు ఆ మెట్లను మూసేస్తారు.

బర్క్‌లీ వాళ్లు మాటలతో ఊరుకోలేదు. జార్జ్ టేలర్ అనే విద్యార్థి వ్యాక్స్ యంత్రంలోనే అమర్చగల బోర్డులు రూపొందించి, గ్రాడ్యువల్ అండర్‌ఫ్లోతో కూడా వేగం పోదని చూపించాడు. డెక్ ఆఖరి అస్త్రంగా ఒక పెద్దమనిషిని తీర్పరిగా పెట్టుకుంది. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో జి. డబ్ల్యూ. స్టీవర్ట్ (కమిటీని కూర్చిన స్టీవర్ట్ కాదు, ఈయన వేరు) సంఖ్యా విశ్లేషణలో అందరూ తలొగ్గే పండితుడు. గ్రాడ్యువల్ అండర్‌ఫ్లో వల్ల ఒరిగేదేమైనా ఉందో లేదో పరిశీలించి చెప్పమని డెక్ ఆయనకు పని అప్పగించింది. 1981లో బోస్టన్‌లో జరిగిన సమావేశంలో ఆయన తన అభిప్రాయం చెప్పారు: అన్నీ చూశాక, అదే సరైన పద్ధతి. పని ఒప్పజెప్పిన కంపెనీ ముఖం మీదే ఆ మాట చెప్పడం ఆయన పెద్దరికం. తర్వాత కూడా డెక్ కొంతకాలం గింజుకుంది కానీ మొగ్గు తేలిపోయింది.

ప్రమాణానికి అధికార ముద్ర పడింది 1985లో. అప్పటికి 8087 ఐదేళ్ల పాతది, మోటరోలా చిప్ కూడా అదే లెక్కతో బయటికి వచ్చేసింది. చట్టం వచ్చేసరికి జనం దాన్ని పాటిస్తూ ఉండటం అరుదు. 754లో 32, 64 బిట్ల సంఖ్యల రూపం, అనంతాలకు గుర్తులు, సున్నాను సున్నాతో భాగిస్తే వచ్చే ‘నాన్’ అనే సంఖ్యకాని సంఖ్య, నాలుగు రకాల రౌండింగ్ ఉన్నాయి. కానీ దాని వెన్నెముక ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం: వీటి ఫలితం అనంతమైన ఖచ్చితత్వంతో లెక్కగట్టి ఆ తర్వాత ఒక్కసారే సవరించినట్టు ఉండాలి. లోపల యంత్రం ఏ పాట్లు పడినా సరే. ఇక జవాబు ఒక్కటే అవుతుంది, తయారీదారుకు తన ఇష్టం నడిపించే సందు ఉండదు. ఇవాళ ఏ ఫోన్‌లో, ఏ ల్యాప్‌టాప్‌లో 64 బిట్ల లెక్కలో 0.1కి 0.2 కలిపినా 0.30000000000000004 వస్తుంది. దీన్ని చూసి నవ్వుకునేవాళ్లు చాలామంది. నాకైతే అన్నిచోట్లా ఆ చివరి 4తో సహా అదే రావడం ఆశ్చర్యం. కహాన్‌కు 1989 ట్యూరింగ్ అవార్డు ఇచ్చారంటే ఊరికే కాదు.

పాత కోటలు మాత్రం నెమ్మదిగా కూలాయి. డెక్ 1992లో తెచ్చిన ఆల్ఫా చిప్ వ్యాక్స్ లెక్కనూ 754 లెక్కనూ పక్కపక్కన మోసింది. ఐబీఎం పెద్ద యంత్రాలకు 754 అందింది 1998లో. మన దేశంలోనూ కొంతకాలం రెండు లెక్కలు నడిచాయి. వర్షాకాలం అంచనాల కోసం అమెరికా నుంచి తెప్పించి ఢిల్లీలో పెట్టిన క్రే ఎక్స్–ఎంపీ యంత్రానిది క్రే కుటుంబపు 48 బిట్ల లెక్క. 1991లో పుణేలో సీడాక్ తయారుచేసిన పరమ్ 8000 ట్రాన్స్‌ప్యూటర్ చిప్‌ల మీద కట్టింది. ఆ చిప్‌లది 754 లెక్క, 53 బిట్లు. వేగంలో ఏది మెరుగన్న చర్చ పత్రికల్లో బాగానే నడిచింది, కూడికలో రెంటికీ పొత్తు లేదన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

మరి 754 వచ్చాక ఒకే ప్రోగ్రాం అన్ని యంత్రాల్లో ఒకే జవాబు ఇచ్చిందా? ఇవ్వలేదు. ప్రమాణం హామీ ఇచ్చింది ఒక్కో కూడికకు, ఒక్కో గుణకారానికి. ప్రోగ్రాం మొత్తానికి కాదు. జనం చదువుకున్నది మాత్రం రెండో రకంగా.

మొదటి దెబ్బ ఆ ప్రమాణానికి పురుడు పోసిన 8087 నుంచే వచ్చింది. దాని లోపలి గదులు 80 బిట్లవి. మధ్యలో వచ్చే ఫలితాలు ఎక్కువ అంకెలతో ఉంటే మంచిదేనన్నది కహాన్ నమ్మకం, అందులో తప్పు లేదు. అయితే గదులు ఎనిమిదే. నిండిపోతే కంపైలర్ ఒక ఫలితాన్ని మెమరీలోకి నెడుతుంది, అక్కడ అది 64 బిట్లకు కుదించుకుపోతుంది. ఏది ఎప్పుడు బయటికి పోతుందో కంపైలర్ దయ. ఆప్టిమైజేషన్ పెంచితే జవాబు మారుతుంది, తప్పు వెతుకుదామని మధ్యలో ఒక ప్రింట్ లైను పెడితే మళ్లీ మారుతుంది. జీసీసీ కంపైలర్ మీద 323 నంబరుతో నమోదైన ఫిర్యాదు ఇదే. మాది తప్పు కాదని వాళ్లు ఎన్నిసార్లు చెప్పినా, అదే సంగతి కొత్తగా కనిపెట్టామనుకుని వచ్చేవాళ్లు ఏళ్ల తరబడి ఆగలేదు. అటు సన్ కంపెనీ స్పార్క్ యంత్రాల్లో ఇలాంటి 80 బిట్ల గదులు లేవు. అదే ప్రోగ్రాం అక్కడొక జవాబు, పీసీలో ఇంకో జవాబు ఇచ్చేది.

ఎక్కడ నడిపినా ఒకటే అని టముకు వేసుకుంటూ వచ్చిన జావాకు ఇది గొంతులో వెలక్కాయ అయింది. ఇంటెల్ చిప్ మీద మాట నిలబెట్టుకోవాలంటే వేగం పోతుంది. 1998లో వచ్చిన 1.2 వెర్షన్‌లో మాట సడలించి, అచ్చమైన లెక్క కావాలనుకునేవాళ్లకు స్ట్రిక్ట్‌ఎఫ్‌పీ అనే ప్రత్యేక పదం ఇచ్చారు. తర్వాత ఇంటెల్ కొత్త ఎస్‌ఎస్‌ఈ2 ఆదేశాలు వచ్చి 80 బిట్ల గదులు మూలపడ్డాయి. 2021లో జావా 17 పాత మాటకే తిరిగి వచ్చింది.

రెండో దెబ్బ 1990లో ఐబీఎం ఆర్‌ఎస్/6000తో వచ్చిన ఎఫ్‌ఎంఏ: గుణించి కూడటాన్ని మధ్యలో సవరించకుండా ఒకే దెబ్బతో చేసే ఆదేశం. వేగమూ ఎక్కువే, ఖచ్చితత్వమూ ఎక్కువే. కానీ క, ఖ లు సమానమైనప్పుడు క వర్గంలోంచి ఖ వర్గం తీసేస్తే, ఒక వర్గం సవరించిందీ ఇంకోటి సవరించనిదీ కావడంతో సున్నాకు బదులు చిటికెడు రుణ సంఖ్య రావచ్చు. దానికి వర్గమూలం తీయబోతే ‘నాన్’ ఎదురవుతుంది. ఖచ్చితత్వం పెరిగినందుకు లెక్క చెడింది.

ఇక సైన్, లాగ్ వంటి ఫలనాల జోలికి 1985 ప్రమాణం పోనేలేదు. వాటి విలువను చివరి బిట్ దాకా సరిగ్గా సవరించాలంటే ముందు ఎన్ని అంకెలు లెక్కగట్టాలో చెప్పడం కష్టం. ఆ నిర్లక్ష్యం ఖరీదు కణ పరిశోధన కేంద్రమైన సెర్న్‌లో తెలిసింది. 2004లో మొదలైన ఎల్‌హెచ్‌సీ@హోం పథకంలో, సొరంగంలో లక్షల చుట్లు తిరిగే కణాల దారిని ప్రపంచమంతటా స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి కంప్యూటర్లలో లెక్కగట్టించేవారు. ఒకే పనిని ఒకరికంటే ఎక్కువమందికి పంపి జవాబులు సరిపోల్చేవారు. అవి సరిపోలేదు. ఎవరూ మోసం చేయలేదు, ఏ యంత్రమూ చెడిపోలేదు. ఫలనాల చివరి బిట్‌లో పుట్టిన తేడా చుట్టుచుట్టుకూ పెరిగిపోయింది. చివరికి ఫ్రాన్స్‌లోని లియోన్ పరిశోధకులు రాసిన, ప్రతి ఫలనాన్నీ సరిగ్గా సవరించే సీఆర్‌లిబ్‌ఎం అనే లైబ్రరీని వాడి గొడవ తీర్చారు. 2008లో ప్రమాణాన్ని తిరగరాసినప్పుడు కూడా ఈ ఫలనాల సంగతి సిఫారసుగానే ఉంచారు, విధిగా కాదు.

మిగిలింది కూడే వరస. 10¹⁶కి 1 కలిపి మళ్లీ 10¹⁶ తీసేస్తే 64 బిట్ల లెక్కలో సున్నా వస్తుంది. ముందు తీసేసి తర్వాత కలిపితే 1 వస్తుంది. వేల ప్రాసెసర్లు పనిని పంచుకునే నేటి యంత్రాల్లో ఎవరి వాటా ముందు అందుతుందన్నది ఏ రోజుకారోజు మారవచ్చు. అప్పుడు ఒకే యంత్రం, ఒకే ప్రోగ్రాం, ఒకే దత్తాంశం ఉన్నా నిన్నటి జవాబు ఇవాళ రాకపోవచ్చు. దీన్ని ఏ ప్రమాణమూ ఆపలేదు, నా ఉద్దేశంలో ఆపాలని ఆశించడమూ న్యాయం కాదు.

కృత్రిమ మేధ వచ్చాక గాలి మళ్లీ వేగం వైపు తిరిగింది. దానికి కావలసింది కోట్లాది గుణకారాలు, వేగంగా. ఒక్కోదాంట్లో నాలుగు అంకెలు తేడా వచ్చినా ఫర్వాలేదు. గూగుల్‌లో పుట్టిన బీఫ్లోట్16 అనే 16 బిట్ల రూపానికి ఇంటెల్ 2020లో తన సర్వర్ చిప్‌లలో చోటిచ్చింది. ఆ ఆదేశాల వివరణలో ఒక నియమం ఉంది: మామూలు హద్దు కంటే చిన్నదైన సంఖ్య ఏది వచ్చినా దాన్ని సున్నాగానే లెక్కించాలి, మార్చుకునే వీలు లేదు. 1981లో బోస్టన్‌లో డెక్ ఓడిపోయిన వాదన అక్షరాలా ఇదే. దాన్నిప్పుడు అమలు చేస్తున్నది ఇంటెల్.

(వచ్చే భాగం: 1994, పెంటియం భాగహారం – పట్టికలో ఖాళీగా మిగిలిన ఐదు గళ్లు)